వరసలో లేని బెంచీ

పాప లేవకూడదు. ఈ బెంచీలన్నీ మాట్లాడటం అయిపోయి నా దాకా వచ్చేవరకైనా లేవకూడదు. నుదుటి మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, కానీ ఫ్యాను గాలికి నా చెయ్యే చల్లబడిందేమో, చెంప ఆనించి చూశాను, చెంపకి అంత వెచ్చగా లేదు, మరి ఏది నమ్మాలి, చెయ్యినా చెంపనా. నిన్న టీకా వేయించాం. జ్వరం రావచ్చమ్మా, రాకపోనూవచ్చు అన్నాడు డాక్టరు. రెండూ తనే చెప్పేస్తే నాకిక భయపడటం తప్ప ఏం మిగిలింది. మందు సీసా సంచీలో ఉంది, ఇప్పటికి రెండుసార్లు తడిమి చూసుకున్నాను, పాలసీసా కూడా ఉంది, గుడ్డలున్నాయి, ఒక్క ధైర్యమే ఇంటి దగ్గర మరిచిపోయి వచ్చినట్టుంది. ముందు బెంచీల్లో అందరూ నల్ల గౌన్లలో ఉన్నారు. పొద్దున కాలేజీలో పట్టాలు పుచ్చుకుని తిన్నగా ఇక్కడికే వచ్చారు, మేమంతా చదువుకున్న ఈ పాత బడిలోకి, ఈ గదిలోకి. గౌన్లు అద్దెవి, సాయంత్రానికల్లా తిరిగిచ్చెయ్యాలట, అయినా విప్పడానికి ఎవరికీ మనసొప్పడం లేదు, చెమటలు కక్కుతూ అలాగే కూర్చున్నారు. బల్ల పక్కన కుర్చీలో లెక్కల మాస్టారు. జుట్టు తెల్లబడింది. సుద్దముక్క లేకపోతే ఆయన చేతులకి ఏం చెయ్యాలో తెలియదని నాకు మొదటినుంచీ తెలుసు, ఇప్పుడూ బల్ల మీద వేలితో ఏదో రాస్తూనే ఉన్నారు, కనపడని లెక్క.

నన్ను పిలిచింది నిచ్చెన. పొడుగుకి ఆ పేరు వాడికి, ఇప్పటికీ గుమ్మంలో తల వంచే వస్తాడు. బజార్లో కనపడి, ఒసేయ్ టేపూ, మనవాళ్ళందరి డిగ్రీలూ అయిపోతున్నాయి, ఒక్కపూట బడిలో కలుసుకుని ఎనిమిదీ తొమ్మిదీ పది నాటి కబుర్లు చెప్పుకుందామనుకుంటున్నాం, నువ్వూ రా అన్నాడు. టేపు అంటే నేను, ఎవరి గొంతు విన్నా అలాగే పలికేదాన్నని టేపురికార్డరు అనేవాళ్ళు, చివరికి టేపు మిగిలింది. ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో. ఇంటికెళ్ళేదాకా చెవిలో పెట్టుకుని వెళ్ళాను. తీరా వచ్చి గుమ్మంలో నిలబడేసరికి ఇక్కడ పెద్ద రభస. మాస్టారి పద్ధతిలోనే కూర్చోవాలట. ఆయన పద్ధతి తెలియనివాళ్ళు మా బడిలో లేరు, ప్రతి పరీక్షా దిద్దాక మార్కుల ప్రకారం పేర్లు చదివేవారు, మొదటి బెంచీ ఎడమ కొసన ఫస్టు, దాని పక్కన సెకండు, అలా చివరి బెంచీ చివరి కొస దాకా. మార్కులు మారితే చోటు మారాలి. నెలకోసారి ఈ గదిలో రైలు మారుతున్నట్టు ఉండేది, సంచీలు పట్టుకుని ఎదురెదురుగా వస్తూ గుద్దుకుంటూ, పైకెళ్ళేవాళ్ళు తల ఎత్తి, కిందికి దిగేవాళ్ళు చెప్పుల వంక చూసుకుంటూ. ఇవాళ కూడా పది చివరి క్లాసు పరీక్ష మార్కులకి ఎవరు ఎక్కడ కూర్చున్నారో అలాగే కూర్చోవాలన్నాడు నిచ్చెన, ఒరేయ్ అది నా చోటు, కాదు నీకంటే నాకు అరమార్కు ఎక్కువ అని నవ్వుకుంటూ తోసుకున్నారు, ఎవరి చోటు వాళ్ళకి దొరికింది. నేను పాపని ఎత్తుకుని నిలబడే ఉన్నాను. "నువ్వెక్కడే?" అన్నాడు వాడు. అప్పటికి మానేశాను కదా అన్నాను. ఒక్క క్షణం తెల్లబోయాడు. "అయితే నువ్వు గెస్టువి. వెనక ఫ్యాను కింద కూర్చో, పాపకి గాలొస్తుంది." మంచివాడే. పాప కోసమే చెప్పాడు. ఈ బెంచీ వరసలోది కాదు, విరిగిన సామాను పక్కన గోడకి చేరేసి ఉంటే దుమ్ము కూడా వాడే దులిపి పెట్టాడు.

మంచితనం మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో నాకింకా చేతకావడం లేదు. ఎవరైనా చెడ్డగా చేసి ఉంటే ఈ ఏళ్ళన్నీ ఎంత హాయిగా తిట్టుకునేదాన్ని. మా అమ్మ చెడ్డది కాదు, తమ్ముడు పుట్టాక మంచం దిగలేకపోయింది, అంతే. నాన్నా చెడ్డవాడు కాదు, ఒక్క నెల ఓపిక పట్టమ్మా, నీకేం, ఎప్పుడు చదివినా వచ్చేస్తుంది అన్నాడు. నాకు చదువొస్తుందన్నదే నా కొంప ముంచింది. మొద్దునైతే పంతులమ్మ ఎవరైనా ఇంటికొచ్చి పిల్ల వెనకబడిపోతుందండీ అని గోల చేసేదేమో. తొమ్మిది దాకా నేను ఎప్పుడూ సెకండే. ఫస్టు అన్నది ఎప్పుడూ ఒకతే, తనని ఫస్టు అనే పిలిచేవాళ్ళం, అదుగో ఎడమ కొసన, బంగారు రంగు పట్టీ మెడలో వేసుకుని కూర్చుంది. దాని పక్క చోటు నాది. ఇప్పుడు అక్కడ, మేం పిచ్చుక అని పిలిచే పిల్ల ఉంది. నేనుండగా అది మూడు. నేను మానేశాక ఒక్క మార్కు పెరక్కుండానే రెండు అయ్యింది, నాలుగు మూడయ్యింది, అలా చివరిదాకా క్లాసు క్లాసంతా తలో మెట్టు ఎక్కింది. ఇంతమందికి ఒక్క దెబ్బతో ప్రమోషన్ ఇప్పించినదాన్ని. కాస్త టీ అయినా ముందు నాకివ్వొద్దూ.

పాప పెదవి కదిలింది. కల. నవ్వింది, మళ్ళీ నిద్ర. తల్లీ, ఇంకాసేపు. నేను కబుర్ల కోసం రాలేదు, నీకు తెలుసుగా, నీకొక్కదానికే చెప్పాను, నిన్న నీకు నీళ్ళు పోస్తూ. మాస్టారు ఉద్యోగం దిగాక ఈ గదిలోనే సాయంత్రాలు పాఠం చెబుతున్నారట, బడి మధ్యలో మానేసినవాళ్ళకి, పది తప్పినవాళ్ళకి, పరీక్ష బయటినుంచి కట్టిస్తారట. ఆయన ఇంటికెళ్ళి అడగటానికి నాకు మొహం చెల్లలేదు, రోడ్డు మీద అడగటానికి నోరు రాలేదు. ఇక్కడైతే వరసలో అందరూ మాట్లాడతారు, చివరికి నేనూ మాట్లాడాలి, నా వంతులో అడిగేస్తాను, తొమ్మిది దాకా పక్కన కూర్చున్నవాళ్ళంతా చూస్తుండగా కాదనలేరు. ఎన్నిసార్లు అప్పజెప్పుకున్నానో. నమస్కారం మాస్టారూ, నేను మీ దగ్గర చదువుకున్నాను, మీ సాయంత్రం క్లాసులో నన్ను చేర్చుకోండి. ఇంతే. పది రాయాలనుందని ఎప్పుడైనా అంటే, పాసయ్యి ఏం చేస్తావు అంటాడు మా ఆయన, వెటకారంగా కాదు, నిజంగానే అడుగుతాడు, ఫ్రిజ్జుల రిపేరు పని ఆయనది, ఏ వస్తువైనా ఎందుకుందో తెలియాలి ఆయనకి. చెప్పలేకపోయాను. నిన్న డాక్టరు దగ్గర అడిగుంటే చెప్పగలిగేదాన్ని. టీకా చోట వాపు ఎన్నాళ్ళుంటుంది, ఈ మందూ ఆ మందూ కలిపి వెయ్యొచ్చా అని అడుగుతుంటే డాక్టరు ఆగి, ఏం చదువుకున్నావమ్మా అన్నాడు. తొమ్మిది అన్నాను. తలాడించి కుర్చీ మా ఆయన వైపు తిప్పుకుని మిగతాదంతా ఆయనకి చెప్పాడు. పిల్ల నా ఒళ్ళో ఉంది. రాత్రంతా లేచి చూసేది నేను. ఆయన ఫోనులో ఎవరిదో కంప్రెసరు గురించి మెసేజీ చూసుకుంటూ ఊఁ ఊఁ అన్నాడు. బయటికొచ్చాక ఏం చెప్పాడు అనడిగితే, ఏముంది, బానే ఉందన్నాడుగా అన్నాడు.

ఎవరో మాట్లాడుతున్నారు. ఫస్టు. లేచి నిలబడి గౌను సర్దుకుంది. దాని గొంతు ఏం మారలేదు, ఇప్పటికీ జవాబు అప్పజెబుతున్నట్టే. తను బడిలో ఎప్పటికీ మరిచిపోలేనిది ఒకటుందంది, మాస్టారికి కూడా గుర్తుండే ఉంటుందంది. తొమ్మిదిలో ఓ మధ్యాహ్నం, అందరం నిద్రకి తూగుతున్నాం, తలుపు అవతలినుంచి హెడ్‌మాస్టరమ్మ గొంతు, ఏమిటా గోల, మాస్టారూ, ఇది క్లాసా సంతా అని, మాస్టారు ఉలిక్కిపడి లేచి అటెన్షన్‌లో నిలబడి, లేదు మేడం, గోల లేదు మేడం అన్నారు. తలుపు తీస్తే హెడ్‌మాస్టరమ్మ లేదు. ఆ గొంతు నాది. నేనే. మంచినీళ్ళకెళ్ళి వస్తూ, ఎందుకో ఆ క్షణంలో, వెనకా ముందూ చూడకుండా. కొడతారనుకున్నాను. ఆయన నవ్వారు, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, చేతిరుమాలనుకుని బోర్డు తుడిచే గుడ్డతో కళ్ళు తుడుచుకుని మొహమంతా సుద్దపిండి చేసుకున్నారు. వారం రోజులు బడంతా నా వెంటే, ఏదీ ఇంకోసారి, ఏదీ ఇంకోసారి. ఆ మాట ఇప్పుడొస్తుంది, నా వైపు తిరుగుతారు, అందరూ వెనక్కి తిరిగి చూస్తారు, నేను జుట్టు సర్దుకున్నాను, సర్దుకున్నాను అంటే నిజంగానే, పాప తల కింద నుంచి చెయ్యి తీసి మరీ. "తలుపు తీస్తే ఎవరున్నారనుకున్నారు? ఇదుగో, మన పిచ్చుక" అంది ఫస్టు.

అందరూ చప్పట్లు. పిచ్చుక చేతులూపుతూ, అబ్బా, ఎప్పటి సంగతే అది, అంటోంది, కాదనడం లేదు. కావాలని కాదు, నాకు దాని మొహం తెలుసు, అబద్ధమాడితే దానికి చెవులు ఎర్రబడతాయి, ఎర్రబడలేదు. నమ్ముతోంది. తనే చేశాననుకుంటోంది. ఎన్నిసార్లు చెప్పుకుని ఉంటారో కాలేజీ క్యాంటీనులో, హాస్టల్లో, చెప్పుకున్నప్పుడల్లా ఫస్టు పక్కన ఎవరున్నారు అంటే పిచ్చుక, ఫస్టు పక్కన చోటున్నవాళ్ళే చేసి ఉంటారు, అంతేగా. మార్కులే కాదు, ఒక్కో జ్ఞాపకం కూడా ఒక్కో చోటు ముందుకి జరిగింది. పిచ్చుక సంచీ పట్టుకుని నా జ్ఞాపకంలోకి వచ్చి కూర్చుంది. నిచ్చెన, ఏదీ ఇంకోసారి అన్నాడు. వద్దొద్దంటూనే పిచ్చుక లేచింది. "ఏమిటా గోల" అంది. కాకిలా ఉంది. హెడ్‌మాస్టరమ్మ గొంతు ముక్కులోంచి రాదే, మెడ కిందనుంచి వస్తుంది, ఏమిటా తర్వాత ఒక్కసారి ఊపిరి తీసుకుంటుంది, ఆ ఊపిరికే మాకు భయం, గోల అనే లోపలే సగం మంది కూర్చునేవాళ్ళు. నాకు నాలిక మీదే ఉంది. అది నేను అనొచ్చు. ఏమే, అది నేనుగదే అని నవ్వుతూ అంటే సరిపోతుంది. కానీ అంటే ఏమవుతుంది, ఒక్క నిమిషం ఇబ్బందిగా నవ్వుతారు, అవునా, నువ్వా అంటారు, పాపం అని మొహం పెడతారు, వచ్చిన పనికి మాస్టారి ముందు నేను పేచీకోరుదాన్నవుతాను. మింగాను. మాస్టారు కూడా నవ్వుతున్నారు, పిచ్చుక వంక చూసి, అమ్మాయ్, నన్ను ఆ రోజు చంపేశావు అంటున్నారు. నన్ను అనాలి ఆ మాట. నేను ఒక్కసారి కాదు, బట్టలుతికేటప్పుడు, తమ్ముడికి అన్నం పెట్టేటప్పుడు, పురిటి నొప్పుల్లో నర్సు అరుస్తుంటే కూడా, ఆ సుద్దపిండి మొహం తలుచుకుని నవ్వుకున్నదాన్ని.

వంతు వెనక బెంచీలకి కదిలింది, మూడోది, నాలుగోది. ఒకడు తనని చితకబాదిన డ్రిల్లు మాస్టారిని తలుచుకుని ఏడ్చినంత పని చేశాడు. ఒకతి వానలో అందరం తడిసిన సంగతి చెప్పింది, పదిలోది, నాకు తెలియదు. పదిలో సంగతులు వచ్చినప్పుడల్లా నేను పాప చెప్పులు సరిచేస్తున్నాను. ఆ ఏడాది నేను మేడమెట్ల మీద తమ్ముణ్ణి జోకొడుతూ వీళ్ళు బడికెళ్ళడం చూసేదాన్ని. మొదట్లో ఆగేవాళ్ళు, ఏమే, ఎప్పుడొస్తావు, వచ్చే వారం. తర్వాత చెయ్యూపేవాళ్ళు. తర్వాత నేనే లోపలికెళ్ళి, వాళ్ళు దాటిపోయాక గుడ్డలారెయ్యడానికి వచ్చేదాన్ని. అమ్మ ఇప్పటికీ ఎవరొచ్చినా చెబుతుంది, నా కూతురు లేకపోతే నేను బతికేదాన్ని కాదు అని. నిజమే. అది వింటే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. నాకు మాత్రం గిన్నె తీసి గోడకేసి కొట్టాలనిపిస్తుంది, కొట్టను, టీ పెట్టి ఇస్తాను. తమ్ముడు ఇప్పుడు ఇదే బడిలో చిన్న క్లాసులో ఉన్నాడు. వాడికి ఫస్టు ర్యాంకొస్తే అమ్మ వీధంతా చెప్పింది.

టోపీలు ఎగరేద్దాం అన్నారెవరో, అద్దెవిరా బాబూ అంటూనే ఎగరేశారు. ఒకటి వచ్చి నా పక్కన బెంచీ మీద టప్పుమని పడింది, పాప కళ్ళు తెరిచింది. అయిపోయింది. ఏడుస్తుంది. లేదు, టోపీకి వేలాడుతున్న కుచ్చు చూసింది, గుప్పిట్లో పట్టుకుని నోట్లో పెట్టుకుంది. లాగితే ఏడుస్తుంది, లాగకపోతే ఎంతమంది తలల మీద పెట్టుకున్నదో అది. ఫస్టు పరిగెత్తుకొచ్చి, అయ్యో, తడిపేసిందా, దీనికి డబ్బు కట్టించుకుంటారే అంటూ నవ్వుతూనే మెల్లిగా లాక్కుని తన గౌనుకి తుడుచుకుంది, పాప బుగ్గ గిల్లి వెళ్ళింది. నా వంక చూడలేదు. తప్పేం లేదు, చంటిపిల్ల ఉన్నప్పుడు తల్లి మొహం ఎవరు చూస్తారు. పాప ఖాళీ గుప్పిట వంక చూసుకుంటోంది. కింద పెదవి బయటికొస్తోంది. వద్దమ్మా. ఒక్క బెంచీ మిగిలింది. పాలసీసా ఇస్తే మొహం తిప్పేసింది, నుదురు ఇప్పుడు నిజంగానే కాలుతోంది, మందు వెయ్యాలి, వేస్తే ఉమ్మేసి ఏడుస్తుంది, వెయ్యకపోతే, ఇదుగో నా వంతు, నిచ్చెన నా వైపు చెయ్యి చూపిస్తున్నాడు.

"మన గెస్టు కూడా రెండు ముక్కలు చెప్పాలి" అన్నాడు. నేను లేచేలోపే వాడే అందుకున్నాడు. "మనమంతా ఇన్నేళ్ళు చచ్చీచెడీ పట్టా తెచ్చుకున్నాం. దీని పట్టా చూడండి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది." భలే నవ్వారు. మంచి నవ్వే, పాప మీద ముద్దుతో. నేనూ నవ్వాను, మొహం దానంతటదే నవ్వింది. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చూశారు, ఏ బ్యాచి అమ్మా నువ్వు, అని అడిగారు. అప్పజెప్పుకున్నదంతా పోయింది. ఇదే మాస్టారూ అన్నాను. ఆయన తల ఊపారు, గుర్తు రాలేదని ఆ ఊపులోనే తెలిసింది. గుర్తొచ్చే దాకా ఆగితే నేనిక అడగను, అడగకపోతే చచ్చేదాకా అడగను.

"సాయంత్రం క్లాసులో నన్ను చేర్చుకోండి మాస్టారూ. పది రాస్తాను."

ఎవరో గౌను సర్దుకున్న చప్పుడు. ఆయన చాలా నెమ్మదిగా, చాలా ప్రేమగా చెప్పారు. "రాద్దువుగానిలే అమ్మా, ఎక్కడికి పోతుంది పరీక్ష. చంటిపిల్లతో ఎలా కూర్చుంటావు? దాన్ని కాస్త పెద్దది కానీ, బడిలో వేశాక నువ్వూ వద్దువుగాని." అందరూ అవునవునన్నారు, పిచ్చుక కూడా, ఆరోగ్యం చూసుకోవే అంది. సరిగ్గా అప్పుడు పాప ఏడుపందుకుంది. మామూలు ఏడుపు కాదు, జ్వరం ఏడుపు, ఊపిరి బిగబట్టి నీలబడి వదిలే ఏడుపు, గది గోడలన్నీ తిరిగొస్తోంది. మాస్టారు చెయ్యెత్తి తలుపు వైపు చూపించారు. "కాసేపు బయటికి తీసుకెళ్ళమ్మా."

ఆయనకి గుర్తు లేదు. ఈ గదిలో ఇప్పుడది గుర్తున్నది నాకొక్కదానికే. తొమ్మిదిలో, అమ్మ మంచాన పడ్డ కొత్తలో, పరీక్ష ముందు పాఠం పోతుందని తమ్ముణ్ణి భుజాన వేసుకుని బడికొచ్చాను. అప్పటికి వాడు పాపంత కూడా లేడు. మొదటి బెంచీలో, ఫస్టు పక్కన, ఒళ్ళో వాణ్ణి పెట్టుకుని రాసుకుంటున్నాను, వాడు ఏడ్చాడు. ఇదే చెయ్యి, ఇదే మెత్తటి గొంతు, కాసేపు బయటికి తీసుకెళ్ళమ్మా. వెళ్ళాను. వరండాలో అటూ ఇటూ తిప్పాను, కిటికీలోంచి పాఠం వినపడుతూనే ఉంది, లెక్కలో మొదటి సగం నేను లోపల విన్నాను, రెండో సగం బయట విన్నాను. వాడు పడుకున్నాడు. గుమ్మం దాకా వచ్చాను. మాస్టారు బోర్డు వైపు తిరిగి ఉన్నారు, ఎవరూ చూడలేదు, మధ్యలో వెళ్తే పాఠం చెడుతుందని ఆగాను. ఎవరైనా పిలుస్తారనుకున్నాను. గంట కొట్టకముందే వాడు మళ్ళీ లేచాడు. పిచ్చుక నా సంచీ తీసి కిటికీ ఊచల్లోంచి అందించింది, పుస్తకాలు కింద పడకుండా ఎంతో జాగ్రత్తగా, ఇంటికెళ్ళవే, వాడికి ఆకలేస్తోంది అంది. నేను వెళ్ళాను. ఎవరూ నన్ను బడి మానమనలేదు. కాసేపు బయటికే వెళ్ళమన్నారు.

పాప ఏడుస్తోంది. నా ముందు బెంచీ వాళ్ళు కాళ్ళు దగ్గరికి తీసుకున్నారు, నాకు దారివ్వడానికి. గౌన్ల అంచులు కూడా తొక్కకుండా పైకెత్తి పట్టుకున్నారు. ఎంత చక్కగా ఇస్తారో దారి. నేను లేవలేదు, కూర్చునే ఉన్నాను. సంచీలోంచి మందు తీసి, మూత కొరికి తీసి, పాప బుగ్గలు నొక్కి చుక్కలు వేశాను, సగం మింగింది, సగం నా మెడ మీద ఉమ్మింది, ఇంకా గట్టిగా ఏడ్చింది. ఏడవనీ. నిచ్చెన లేచి నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. మాస్టారి పెదవులు కదులుతున్నాయి, ఏమంటున్నారో ఒక్క ముక్క వినపడటం లేదు, ఆయనకీ అది తెలిసి ఆపేశారు. గది గదంతా ఆగిపోయి ఉంది. పాప వీపు మీద తడుతున్నాను, గుమ్మం వైపు చూడలేదు, ఆయన వంకే చూశాను.

"దీని ఏడుపు అయ్యేదాకా ఉంటాను మాస్టారూ" అన్నాను, ఏడుపు మీదుగా వినపడేలా. "అయ్యాక చెప్పండి, రేపు ఎన్నింటికి రావాలో."